పాత ఎంజీబీ స్టీరింగ్ బరువుగా ఉందా? కోసే ముందు ఒకసారి విప్పి చూడండి

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. మీది 1966 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు మడిచే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇక్కడ ఇంగ్లండులోనే ఎవరిదో గ్యారేజీలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్నదాన్ని కొన్నారు. బాడీ పని, పెయింటు అయిపోయాయి. ఇంజను కూడా బాగానే ఆడుతోంది. కారును ఇంటి ముందు అటూ ఇటూ తిప్పి పెట్టాలంటే మాత్రం భుజాలు పడిపోతున్నాయి. 185/70 టైర్లు వేశారు, ముందు స్ప్రింగులు ఒక అంగుళం కోయించారు, 13 అంగుళాల స్టీరింగ్ వీలు కొని పెట్టుకున్నారు. ఇప్పుడు తుక్కు యార్డులో దొరికిన వాక్స్‌హాల్ కోర్సా కారు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కాలమ్‌ను (వీలు నుంచి కిందికి పోయే షాఫ్టు, దానికి సాయం చేసే మోటారు) కోసి, పాత షాఫ్టుకు అతికించి వెల్డింగ్ చేసుకుంటే సరిపోతుందా అని అడుగుతున్నారు.

వెల్డింగ్ వద్దు. మిగతాదంతా మాట్లాడుకుందాం.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, అంబాసిడర్ల కింద పడుకుని. అంబాసిడర్‌కు ఉండేదీ ర్యాకూ పినియనే, అంటే వీలు తిప్పితే పినియన్ అనే పళ్లచక్రం తిరిగి, ర్యాకు అనే పళ్ల కడ్డీని పక్కకు జరుపుతుంది. దాని 1489 సీసీ ఇంజనూ, మీ ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ కుటుంబం. అందుకే ఇంగ్లండు వచ్చాక మొదటిసారి ఎంజీబీ బానెట్ ఎత్తినప్పుడు కొత్త ఊళ్లో మేనమామ ఎదురైనట్టు అనిపించింది. అప్పట్నుంచి ఇవే కార్లు విప్పుతున్నాను, బిగిస్తున్నాను. ఇన్నేళ్లలో "స్టీరింగ్ బరువు" అని నా దగ్గరికి వచ్చిన కార్లలో ఎక్కువ వాటికి పవర్ స్టీరింగ్ అక్కర్లేదు. ఎక్కడో ఒకచోట ఏదో పట్టేసి ఉండేది, అంతే.

ఎంజీబీ సుమారు 900 నుంచి 1000 కిలోల మధ్య ఉండే కారు. 1962లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు అప్పటి వాళ్లు దీన్ని బరువు స్టీరింగ్ కారు అనుకోలేదు. ఆగి ఉన్నప్పుడు కొంచెం బలం పెట్టాలి, కదిలిందంటే రెండు వేళ్లతో తిరగాలి. మీది కదులుతున్నప్పుడు కూడా బరువుగా ఉందా, మలుపు తిరిగాక వీలు వదిలేస్తే తనంతట తాను మధ్యకు వస్తుందా? ఈ రెండూ మీరు రాయలేదు. ఆగి ఉన్నప్పుడే బరువైతే టైర్లు, వీలు సైజు, జామెట్రీ (చక్రాలు వాలి ఉండే కోణాలు) వైపు చూడాలి. నడుస్తున్నప్పుడు కూడా బరువుగా ఉండి, వీలు మధ్యకు రాకుండా ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంటే, ఏదో పట్టేసినట్టే. అన్నేళ్లు కదలని కారు కాబట్టి రెండోదే అని నా అనుమానం.

కనుక్కోవడానికి ఒక పూట చాలు. కారు ముందు భాగం జాకీ మీద లేపి యాక్సిల్ స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు. రెండు చక్రాలూ గాల్లో ఉండగా స్టీరింగ్ తిప్పి, ఎంత బరువుందో చేతికి గుర్తుండేలా చూసుకోండి. తర్వాత రెండు వైపులా టై రాడ్ ఎండ్లు (ర్యాకును చక్రానికి కలిపే కడ్డీల చివరి జాయింట్లు) విప్పేయండి. సుత్తితో బాదకుండా, వాటిని విడదీసే స్ప్లిట్టర్ వాడండి. ఎన్ని చుట్లు విప్పారో లెక్క రాసుకోండి, లేదా మరకు పెయింటు గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు వ్యవస్థ మూడు ముక్కలైంది. అటు చక్రం, ఇటు చక్రం, మధ్యలో ర్యాకూ కాలమూ. ఒక్కో చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తిప్పండి. బ్రేకు హోసు కొంచెం అడ్డు తగులుతుంది, దాన్ని పట్టించుకోవద్దు. వేలితో నెడితే కదలాలి. రెండు చేతులూ వేయాల్సి వస్తే దొంగ దొరికినట్టే.

ఆ దొంగ పేరు కింగ్‌పిన్. ఎంజీబీకి ఇప్పటి కార్లలాగా బాల్ జాయింట్లు ఉండవు. చక్రం మొత్తం ఒక నిలువు కడ్డీ మీద, ఇత్తడిలా కనిపించే బుష్‌లలో తిరుగుతుంది. ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుళ్లు ఉంటాయి. ప్రతి 3000 మైళ్లకూ వాటికి గ్రీజు కొట్టాలి. ఇదివరకటి యజమానుల్లో సగం మందికి ఆ నిపుళ్లు ఉన్నాయనే తెలియదు. తెలిసినవాళ్లు కూడా చక్రాలు నేల మీద ఉండగానే గ్రీజు గన్ పెట్టి, పక్కనుంచి నాలుగు చుక్కలు కారగానే పనైందని లేచిపోతారు. కారు బరువు పిన్ను మీద ఉన్నంతసేపూ గ్రీజు లోపలికి, అసలు రాపిడి ఉన్న చోటికి వెళ్లదు. చక్రం గాల్లో ఉండాలి. ఒకరు గన్ కొడుతుంటే ఇంకొకరు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. మొదట నల్లటి పాత గ్రీజు వస్తుంది, తర్వాత తుప్పు రంగుది, చివరికి కొత్తది. ఆ కొత్తది కనబడే దాకా ఆపొద్దు. నిపుల్ మూసుకుపోయి ఉంటే విప్పి కొత్తది వేయండి. నాలుగు కాసుల వస్తువు అది.

గ్రీజు కొట్టాక కూడా బిగుసుకునే ఉంటే కింగ్‌పిన్ సెట్టు మార్చాల్సిందే. కొత్త బుష్ కొట్టేస్తే పని అయిపోదు. దాన్ని సైజుకు రీమర్‌తో చెక్కాలి, పైబుష్, కిందిబుష్ ఒకే గీతలో ఉండాలి. ఆ రీమర్ మీ దగ్గర ఉండదు, కొనడం కూడా దండగ. పిన్నులు, స్టబ్ యాక్సిళ్లు రెండూ పట్టుకెళ్లి పని తెలిసిన షాపులో చేయించుకోండి. బిగించేటప్పుడు థ్రస్ట్ వాషర్ల మందం కూడా సరిచూడాలి. పైకీ కిందికీ లూజు లేకుండా, తిరగడానికి బిగుతు లేకుండా కుదరాలి. కింద ఫల్క్రమ్ బోల్టు (కింగ్‌పిన్‌ను కింది ఆర్మ్‌కు కలిపేది) దగ్గరి సీళ్లు కొంతమంది రెండేసి కుక్కేస్తారు, దానివల్ల కూడా పట్టేస్తుంది.

చక్రాలు రెండూ తేలిగ్గా తిరిగాయనుకోండి, అప్పుడు ర్యాకు సంగతి. క్యాబిన్ నుంచి వచ్చే కాలమూ, ర్యాకు పినియనూ ఒక యూనివర్సల్ జాయింటు (కోణంలో ఉన్న రెండు షాఫ్టులను కలిపి తిప్పే కీలు) దగ్గర కలుస్తాయి. దాన్ని షాఫ్టుల మీద బిగించే పించ్ బోల్టులు తీసేసి కాలమ్‌ను వేరు చేయండి. కాలమ్ ఒక్కటే తిప్పితే గాలికి తిరిగినట్టు తిరగాలి. పినియన్‌ను ఒక్కదాన్నే తిప్పితే చివరి నుంచి చివరి దాకా ఒకే ధోరణిలో, మధ్యలో పట్టకుండా రావాలి.

ర్యాకు గురించి నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. పాత ర్యాకుల మీద గ్రీజు నిపుల్ లాంటిది ఉంటుంది. నిపుల్ ఉంది కదా అని నేను మొదటి కారుకు గన్ పెట్టి రబ్బరు బూట్లు ఉబ్బే దాకా గ్రీజు దట్టించాను. వేసవంతా బాగానే ఉంది. డిసెంబరులో ఒక పొద్దున బండి తీస్తే, చలికి లోపలి గ్రీజు గడ్డకట్టి, చల్లారిన పాకంలో గరిటె తిప్పినట్టయింది. ఆ ర్యాకులో పోయాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిలు, దాదాపు 200 మిల్లీలీటర్లు. ఆ నిపుల్ ఉన్నది ఆయిల్ నింపడానికి. మీ కారు పాత యజమాని కూడా నాలాంటివాడే అయి ఉండొచ్చు. బూటు క్లిప్పు తీసి చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో మాట. ర్యాకును పినియన్‌కు అదిమి ఉంచే డ్యాంపర్ ఒకటి ఉంటుంది, కింద షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) వేసి సరిచేస్తారు. పళ్లు ఎప్పుడూ మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి, ఎందుకంటే కారు ఎక్కువగా తిన్నగానే వెళ్తుంది. మధ్యలో లూజు తగ్గించాలని డ్యాంపర్‌ను బిగిస్తే, అరగని చివర్లలో పట్టేస్తుంది. నేనొకసారి బయట రీకండిషన్ చేయించిన ర్యాకు కొన్నాను. మొదటి రౌండెబౌట్ దగ్గర మలుపు తిప్పి వీలు వదిలితే, వీలు అలాగే ఉండిపోయింది, కారు కాలిబాట వైపు పోయింది. పట్టుకుని లాగితే గానీ తిన్నగా రాలేదు. విప్పి చూస్తే షిమ్ ఒకటి తక్కువ వేశారు. రీకండిషన్ అని చీటీ అంటించినంత మాత్రాన నమ్మకుండా, కొత్తదైనా బల్ల మీద పెట్టి పినియన్ తిప్పి చూశాకే కారుకు ఎక్కించండి.

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది, దీని దగ్గర కొంచెం ఆగుతాను. కాలమ్ మధ్యగీత, పినియన్ మధ్యగీత ఈ రెండూ సరిగ్గా ఆ యూనివర్సల్ జాయింటు నడిమధ్యలోనే కలవాలి. కోణం ఎలాగూ ఉంటుంది, ఉండొచ్చు. గీతలు మాత్రం ఒకదాన్నొకటి తప్పి పోకూడదు. తప్పితే జాయింటు ప్రతి చుట్టుకూ పినియన్ బేరింగును పక్కకు తోస్తుంది, స్టీరింగ్ ఒకచోట బరువుగా, ఇంకోచోట తేలిగ్గా తగులుతుంది, జాయింటు అరిగిపోతుంది. పాత వర్క్‌షాప్ మాన్యువల్లో దీనికి మొనదేలిన గేజీలు వాడమని ఉంటుంది. కాలమ్ చివర ఒకటి, పినియన్ మీద ఒకటి తొడిగితే, రెండు మొనలూ ఎదురెదురుగా వచ్చి తాకాలి. నేను లేత్ మీద నైలాన్ ముక్కలతో రెండు కోన్లు తిప్పుకున్నాను, అర్ధగంట పని. కాలమ్ బ్రాకెట్ బోల్టులు వదులు చేసి దాన్ని జరపండి. ఇంకా తేడా ఉంటే ర్యాకు బ్రాకెట్ల కింద షిమ్‌లు వేయండి. మీరు బాడీ పని చేయించినప్పుడు క్రాస్‌మెంబరు (ముందు చక్రాల ఏర్పాటును మోసే అడ్డ దూలం) దించి ఎక్కించి ఉంటారు కాబట్టి అక్కడి రబ్బరు ప్యాడ్లు కొత్తవో, పాతవో, ఒకటి కొత్తది ఒకటి పాతదో! దాంతోనే రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ర్యాకు క్రాస్‌మెంబరు మీద, కాలమ్ బాడీ మీద ఉంటాయి, ఈ రెంటి మధ్యా ఉన్నవి ఆ ప్యాడ్లే. ఎక్కించిన తర్వాత ఈ గీత సరిచూశారా? మీ రాతలో ఆ ప్రస్తావన లేదు.

ఇప్పుడు మీరు కొని పెట్టుకున్న వీలు దగ్గరికి వద్దాం. మీ కారుకు కంపెనీ ఇచ్చిన వీలు 16.5 అంగుళాలది. వీలంటే ఒక లివర్, ఎంత చిన్నదైతే అంత బలం పెట్టాలి. 16.5ను 13తో భాగిస్తే 1.27 వస్తుంది. అంటే వేరే ఏదీ మార్చకుండా ఆ వీలు ఒక్కటి మారిస్తే చేతులకు బరువు 27 శాతం పెరుగుతుంది. 14 అంగుళాలదైతే 18 శాతం, 15 అంగుళాలదైతే 10 శాతం. భుజాలు నొప్పి అంటూనే 13 అంగుళాల వీలు కొనడం, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది. కోపం తెచ్చుకోకండి, నేనూ కొన్నాను, గ్యారేజీ గోడకు ఇప్పటికీ వేలాడుతూనే ఉంది. తొడలకు తగులుతుందని పెద్ద వీలు వద్దనుకుంటే 15 దగ్గర ఆగండి.

టైర్లదీ అదే కథ. ఈ కారు పుట్టినప్పుడు సన్నటి 5.60-14 క్రాస్‌ప్లై, లేదా 155 రేడియల్ వేసేవారు. 185/70 వేస్తే నేలను తాకే వెడల్పు పెరిగింది, ఆగి ఉన్నప్పుడు ఆ రబ్బరంతా నేలకు రుద్దుతూ తిరగాలి. 165 వేసుకోండి. చూడటానికీ ఈ కారుకు అవే అందం. దానితోపాటు గాలి చూడండి. పాత హ్యాండ్‌బుక్కులో ముందు రేడియల్ టైర్లకు 21 పీఎస్ఐ అని చూసి అదే పెట్టేవాళ్లున్నారు. ఇప్పటి టైర్లకు నేనూ, నాకు తెలిసిన చాలామందీ 26 నుంచి 28 దాకా పెడతాం. రిమ్ములు అల్లాయ్‌వి అయితే వాటి ఆఫ్‌సెట్ చూడండి. చక్రం బయటికి పొడుచుకు వచ్చేకొద్దీ, కింగ్‌పిన్ గీత నేలను తాకే చోటికీ టైరు నడిమధ్యకూ దూరం పెరుగుతుంది. ఆ దూరం కూడా ఒక లివరే, ఈసారి మీకు వ్యతిరేకంగా పనిచేసేది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఎంజీబీ పార్కింగులో కొంచెం బరువే. దానికి కారణం క్యాస్టర్ కోణం, 7 డిగ్రీలు. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలినట్టు కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉంటుంది. దానివల్లే మలుపు తర్వాత వీలు తనంతట తాను తిరిగి వస్తుంది, హైవే మీద కారు తిన్నగా పోతుంది. 1960ల నాటి సన్నటి టైర్లకు ఆ 7 డిగ్రీలు సరిపోయాయి. వెడల్పు రేడియళ్లకు ఎక్కువే. క్రాస్‌మెంబరుకూ బాడీకీ మధ్య పెట్టే ఏటవాలు పలకలు దొరుకుతాయి, వాటితో క్యాస్టర్‌ను 5 డిగ్రీల చుట్టుపక్కలకు తేవచ్చు. డబ్బు తక్కువ, కోయడం లేదు, వద్దనుకుంటే తీసేయవచ్చు. తేడా చేతికి తెలుస్తుంది. అయితే క్రాస్‌మెంబరు వంగితే ర్యాకు కూడా దానితో పాటే వంగుతుంది. అంటే పైన చెప్పిన మొనల పరీక్ష మళ్లీ చేయాలి. ఇది చేయకుండా పలకలు మాత్రం దూర్చి, "జాయింటు ఆర్నెల్లకే పోయింది" అని వచ్చినవాళ్లను చూశాను.

కొందరు సలహా ఇస్తారు, తర్వాతి ఏళ్లలో వచ్చిన రబ్బరు బంపర్ ఎంజీబీల ర్యాకు వేసుకో, అది తేలిక అని. నిజమే, మీ పాత కారులో ఈ చివర నుంచి ఆ చివరకు మూడు చుట్లకు కొంచెం తక్కువ. తర్వాతి వాటిలో మూడున్నర దాకా వచ్చింది కాబట్టి బలం తక్కువ చాలు. కానీ ఆ కార్ల క్రాస్‌మెంబరే వేరు, ర్యాకు ఒక్కటి తెచ్చి మీదానికి బిగిస్తే గీతలు కలవవు. పైగా ఈ కారు చురుకుదనమంతా ఆ మూడు చుట్లలోనే ఉంది. నేనైతే చేయను.

స్ప్రింగులు కోయించారన్నారు కదా, దాని గురించి. స్టీరింగ్ బరువుకు దానికి సంబంధం తక్కువే, అయినా మీరు అడగకపోయినా చెప్పాలి. కారు కుంగినప్పుడు, లేచినప్పుడు టై రాడ్ ఒక వృత్తంలో, కింది ఆర్మ్ ఇంకో వృత్తంలో కదులుతాయి. కంపెనీ పెట్టిన ఎత్తులో ఈ రెండు వృత్తాలూ దాదాపు కలిసి నడుస్తాయి. ఎత్తు మార్చేకొద్దీ విడిపోతాయి, అప్పుడు గుంత వచ్చినప్పుడల్లా మీరు వీలు తిప్పకుండానే చక్రం కొంచెం తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. ఒక అంగుళానికి ఈ కారు నరకం చూపించదు, కానీ కొలిచి తెలుసుకోండి. స్ప్రింగు తీసేసి, వీలు కదలకుండా కట్టేసి, చక్రాన్ని చిన్న జాకీతో అంగుళం అంగుళం లేపుతూ పోండి. హబ్‌కు ఒక లేజర్ పాయింటర్ కట్టి ఎదురు గోడ మీద చుక్క పక్కకు ఎంత జరిగిందో గీసుకుంటే చాలు, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చుక్క నిలువుగా పైకీ కిందికీ పోతే మంచిదే. పక్కకు వంకర తిరిగితే ర్యాకు ఎత్తు షిమ్‌లతో సరిచేయాలి, లేదా పాత ఎత్తు స్ప్రింగులే వేసుకోవాలి. గ్రైండరుతో కోసిన స్ప్రింగు అంటే నాకు అసలు నచ్చదు, కింద సీటులో అది సరిగ్గా కూర్చోదు. తక్కువ ఎత్తుకని తయారైన స్ప్రింగులు దొరుకుతాయి.

ఇక కోర్సా కాలమ్. మీరు ఎన్నుకున్న వస్తువు చెడ్డది కాదు. ఇక్కడ పాత కార్లవాళ్లు చాలామంది వాడేది అదే. మోటారు, టార్క్ సెన్సార్ (చేయి మెలిపెట్టే బలాన్ని కొలిచేది), కంప్యూటర్ అన్నీ కాలమ్ మీదే ఉంటాయి, బానెట్ కింద పంపూ గొట్టాలూ అక్కర్లేదు, కారు బయటికి చూస్తే ఏమీ తెలియదు. కరెంటు పోయినా వీలుకూ చక్రాలకూ మధ్య ఇనుప సంబంధం అలాగే ఉంటుంది, బరువు మాత్రమే తిరిగొస్తుంది. కారు వేగం ఎంతో చెప్పే సంకేతం రాకపోతే కంప్యూటర్ ఒక మధ్యస్థ సాయానికి స్థిరపడుతుంది. దానికి నాబ్ ఉన్న చిన్న పెట్టె కలిపి, పార్కింగులో ఎక్కువ, రోడ్డు మీద తక్కువ అని మనమే పెట్టుకునే ఏర్పాటూ ఉంది. నాబ్ ఎక్కువగా పెట్టి హైవే ఎక్కొద్దు, 70 మైళ్ల వేగంలో వీలు నూనెలో తేలుతున్నట్టుంటుంది.

అయినా మొదట అదే వద్దంటున్నాను, ఎందుకంటే మోటారు లోపాన్ని బాగుచేయదు, కప్పిపెడుతుంది. ఎండిపోయిన కింగ్‌పిన్‌ను మోటారు సునాయాసంగా తిప్పేస్తుంది, మీకు తేలిగ్గానే ఉంటుంది. కానీ మలుపు తర్వాత చక్రం తనంతట తాను తిన్నగా రావాలంటే ఆ ఎండిన పిన్నే అడ్డం. మోటారు మీ చేతి బలాన్ని చూసి సాయం చేస్తుంది గానీ, చేయి వదిలాక చక్రాన్ని వెనక్కి తెచ్చి పెట్టదు. ఇంకొకటి, మోటారు కింద ఉన్న జాయింటు, పినియన్, ర్యాకు పళ్లు అన్నీ 1960ల్లో మనిషి చేతి బలానికి లెక్కగట్టి చేసినవి. పట్టేసిన పిన్నును తిప్పడానికి మోటారు పెట్టే అదనపు బలం మొత్తం వాటి గుండానే పోవాలి. జాయింటులో ఆవగింజంత లూజు ఉన్నా అది పెరుగుతుంది.

కరెంటు సంగతి మీ 1966 కారుకు ప్రత్యేకంగా చూడాలి. మీది పాజిటివ్ ఎర్త్ కారు (బ్యాటరీ ప్లస్ కొనను బాడీకి కలిపినది), లూకాస్ డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు. ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్ వచ్చినవి 1967 చివర్లో మొదలైన మార్క్ 2 నుంచే. స్టీరింగ్ మోటారు తిన్నగా పోతున్నప్పుడు ఏమంత తినదు, పార్కింగులో గట్టిగా తిప్పినప్పుడు మాత్రం కొన్ని క్షణాలు 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఐడిల్‌లో, హెడ్‌లైట్లు వేసి ఉండగా డైనమో దగ్గర దానికి ఇచ్చేదేమీ ఉండదు, అంతా బ్యాటరీ నుంచే. పాజిటివ్ ఎర్త్ మీద ఆ కంప్యూటర్ కలిపితే పొగ వస్తుంది, దానికి రెండో అవకాశం లేదు. కాబట్టి ముందు నెగటివ్ ఎర్త్‌కు మార్చి ఆల్టర్నేటర్ వేయాలి. సీట్ల వెనక ఉన్న రెండు 6 వోల్టుల బ్యాటరీల బదులు ఒక మంచి 12 వోల్టులది పెట్టుకోవచ్చు. బ్యాటరీ వెనక, మోటారు ముందు కాబట్టి వైరు పొడవెక్కువ. 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు తక్కువ వేయొద్దు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా, కోర్సాలో ఎంత రేటింగు ఉందో అంతే. ఎర్త్ వైరు పెయింటు మీద బిగించి "పవర్ రావట్లేదు" అనకండి, కొత్త పెయింటు మీద ఈ తప్పు అందరూ చేస్తారు.

కాలమ్‌ను బల్ల మీద విప్పేటప్పుడు షాఫ్టును సుత్తితో కొట్టొద్దు. టార్క్ సెన్సార్ లోపల సన్నటి టార్షన్ బార్ ఉంటుంది, అది కొంచెం మెలిపడినా కారు ఒక పక్కకే లాగుతుంది, ఆ లోపం వెతకడానికి వారం పడుతుంది.

ఇప్పుడు వెల్డింగ్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. షాఫ్టులు రెండూ వేర్వేరు స్టీళ్లు. ఎదురెదురుగా ఆనించి అతికిస్తే అతుకు పక్కన వేడి తగిలిన భాగం పెళుసెక్కుతుంది. బయటికి పూస అందంగా కనబడుతుంది, లోపల పగులు ఉండొచ్చు. ఆ షాఫ్టు రోజూ మెలిపడుతూనే ఉంటుంది. అది తెగే రోజు పార్కింగులో తెగదు. సైలెన్సర్ బ్రాకెట్ తెగితే శబ్దం వస్తుంది, ఇది తెగితే వీలు చేతిలో ఊరికే తిరుగుతుంది. బయటి స్లీవు తొడిగి, టిగ్ వెల్డింగ్ చేసి, పగుళ్ల పరీక్ష చేసి ఇచ్చే వర్క్‌షాపులున్నాయి, అది వాళ్ల వృత్తి. ఇంట్లో చేసేవాళ్లకు దారి స్ప్లైన్లే, అంటే షాఫ్టు చివర చుట్టూ ఉండే పళ్లే. కోర్సా కాలమ్ కింది స్ప్లైనుకూ, మీ పినియన్ స్ప్లైనుకూ సరిపోయే యూనివర్సల్ జాయింట్లు, మధ్యలో డబుల్ డీ కడ్డీ (రెండు వైపులా చదును చేసిన గుండ్రటి కడ్డీ) కొనుక్కోండి. కొనేముందు పళ్లు లెక్కపెట్టి, వ్యాసం వెర్నియర్‌తో కొలవండి, కంటి కొలత వద్దు. పించ్ బోల్టు షాఫ్టు మీది గాడిలోంచి పోవాలి. గాడిలో కూర్చోకుండా పక్కన బిగిసినా బిగుసుకున్నట్టే ఉంటుంది, తర్వాత జారి బయటికి వస్తుంది. ఆ బోల్టులు కొత్తవి వేయండి, గ్రేడు తెలియని డబ్బాలోవి కాదు.

రెండు జాయింట్లు వస్తే కోణాల లెక్క చూసుకోండి. ఒక్క జాయింటు 20 డిగ్రీలు వంగితే అవతలి షాఫ్టు ప్రతి చుట్టులో రెండుసార్లు 6 శాతం ముందుకూ, 6 శాతం వెనక్కూ పోతుంది. 30 డిగ్రీలైతే అది 15 శాతం దాకా. మలుపులో వీలు ఒకచోట తేలిగ్గా, ఇంకోచోట బరువుగా తగిలేది ఇందుకే. రెండు జాయింట్ల కోణాలూ సమానంగా పెట్టి, మధ్య కడ్డీ మీది రెండు ఫోర్కులూ ఒకే తలంలో ఉంచితే ఒకదాని తప్పు ఇంకొకటి సరిచేస్తుంది. డబుల్ డీ కడ్డీని 90 డిగ్రీలు తప్పుగా తొడిగితే రెండు తప్పులూ కలిసిపోతాయి. మూడు జాయింట్లు కావాల్సి వస్తే మధ్యలో కడ్డీకి ఆధారంగా బేరింగు తప్పనిసరి, లేకపోతే అది తాడు ఆటలాగా ఊగుతుంది.

దీనిలో మీకు ఒక లాభం కూడా ఉంది. 1966 కారులో కాలమ్ కుంగేది కాదు, ప్రమాదంలో తిన్నగా గుండె మీదికి వస్తుంది. అమెరికాకు పంపిన 1968 కార్ల నుంచే అక్కడి చట్టం వల్ల కుంగే కాలమ్ వచ్చింది. ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి మధ్య కడ్డీని ఒకదాంట్లోకి ఒకటి జారే రకం తీసుకోండి.

కాగితాల సంగతి పొట్టిగా. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) మినహాయింపు ఉంది, కానీ గత 30 ఏళ్లలో గణనీయంగా మార్చకపోతేనే. 2018లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్టీరింగ్ రకాన్ని, పద్ధతిని మార్చడం గణనీయమైన మార్పు కిందికి రావచ్చు. భద్రత పెంచే మార్పులకు వెసులుబాటు ఉంది. మీరు అదే ర్యాకు ఉంచి సాయం మాత్రం కలుపుతున్నారు. అయినా మినహాయింపు ఉన్నా లేకపోయినా, ఈ పని అయ్యాక నేనైతే డబ్బు కట్టి ఎంఓటీ చేయిస్తాను. ఇంకో జత కళ్లు కింద నుంచి చూస్తాయి. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేసి చెప్పి, వాళ్లు ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకోండి. చెప్పకుండా ఉంటే క్లెయిమ్ రోజున వాళ్లు వెతికేది అదే.

మీరు ఈ వారాంతంలో చేయాల్సింది ఇది. వీలు అంచుకు చేపలు తూచే స్ప్రింగు కాటా కట్టి, ఆగి ఉన్న కారులో తిప్పడానికి ఎంత లాగాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఇంకా ఏమీ విప్పకముందు. తర్వాత టైర్లకు గాలి, కింగ్‌పిన్లకు గ్రీజు, మళ్లీ కాటా. అప్పుడు టై రాడ్లు విప్పి ఆ మూడు ముక్కల పరీక్ష. తిరిగి బిగించేటప్పుడు రెండు టై రాడ్లూ సమానంగా మరలో ఉండేలా చూసి, ర్యాకు మధ్యలో ఉండగా టో ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) 1.6 నుంచి 2.4 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. కారు పక్కన దారం లాగి కొలిచినా వస్తుంది. క్యాస్టర్ పలకలు, పవర్ కాలమ్ ఇవన్నీ కనీసం 200 మైళ్లు నడిపాకే ఆలోచిద్దాం.

కాటా మీద మొదటి సంఖ్య, రెండో సంఖ్య ఇక్కడ రాయండి. యూనివర్సల్ జాయింటు దగ్గర పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫొటోలు పెట్టండి, ఫ్లాష్ వేసి. కాలమ్ గీత తప్పిందో లేదో అందులోనే సగం తెలిసిపోతుంది.